తొట్టెల ఫ్లెక్సీ

సెప్టెంబర్ 14, 2011

సకల జనుల సమ్మె రెండో రోజు. ఆఫీసులు బంద్, స్కూళ్లు బంద్, నా బండికి మాత్రం బంద్ లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఎన్ని టెంట్లు వేశారో అన్నిటి ముందూ ఆగాను. ఒకచోట వంటావార్పు, ఒకచోట ఆటపాట, ఒకచోట రోడ్డు మీద కబడ్డీ. జోన్ రిపోర్టర్‌కు ఇవన్నీ కలిపి ఒక వార్త, ఒక ఫోటో, అదీ లోపలి పేజీలో. మా బ్యూరో చీఫ్ సాంబమూర్తి గారు ఫోన్‌లో మామూలుగానే, "కొత్తదేమన్నా ఉందా నరేష్‌కుమారూ?" అన్నారు. నేనూ మామూలుగానే "చూస్తున్నా సార్" అన్నాను. ఆరేళ్లుగా చూస్తూనే ఉన్నాను.

ఇంటికొస్తే ఇంట్లో వేరే హడావుడి. ఆదివారం చెల్లెలి బిడ్డకు తొట్టెల, పేరు పెట్టే వేడుక. బావ మహేందర్ కేంద్ర బలగాల్లో జవాను, నిన్ననే అడవి డ్యూటీ నుంచి సెలవు మీద వచ్చాడు. బిడ్డను మొదటిసారి చూడడం. ఎత్తుకోవడం చేతకాక, తుపాకి పట్టుకున్నట్టు పట్టుకుంటున్నాడని అమ్మ నవ్వుతోంది. తొట్టెల తేవాల్సింది మేనమామే, బట్టలు పెట్టాల్సిందీ మేనమామే. ఈ కాలంలో ఇంకోటి కలిసింది. ఫ్లెక్సీ వేయించాల్సింది కూడా మేనమామే.

చెల్లెలు సుచిత్ర, మహేందర్ ఫోన్‌లోంచి మెమరీ కార్డు తీసి నా చేతికిచ్చింది. ఏ ఫోటో పెట్టాలో ముందే చూసిపెట్టుకుంది. అడవిలో, యూనిఫాంలో, తలకు గుడ్డ చుట్టుకుని, తుపాకి భుజానికేసుకుని నిలబడి ఉన్నాడు మహేందర్. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

"గిదే పెట్టియ్యి అన్నా. పాప పుట్టిందని ఎరుకైన గడియల తీసిండంట ఆయన దోస్తు. రెండు దినాలు సిగ్నల్ లేకుండె. గుట్టెక్కంగనే నా ఫోన్ కలిసింది. గా నవ్వు జూడు, ఎన్నడన్న అట్ల నవ్విండా?" అంది.

నిజమే. పెళ్లి ఫోటోల్లో కూడా అతను అలా నవ్వలేదు.

సెప్టెంబర్ 15

దిల్‌సుఖ్‌నగర్‌లో అంతయ్య ఫ్లెక్సీ దుకాణం. ఒకప్పుడు షాపుల బోర్డులు రాసేవాడు, కుంచెలు పక్కన పెట్టి ఇప్పుడు మౌస్ పట్టుకున్నాడు. సమ్మె పుణ్యమా అని ఊపిరి సలపడం లేదట. నేను పత్రికవాణ్ని గనక వరుస తప్పించి కూచోబెట్టాడు.

కార్డు పెట్టి ఫోటో తెరిచాడు. ఫ్లెక్సీకి సరిపోయేలా పెద్దది చేస్తుంటే మహేందర్ వెనక, చెట్టు మొదట్లో, ఏవో మూటల్లాంటివి కనిపించాయి. ఇంకాస్త పెద్దది చేశాడు. మూటలు కావు, మనుషులు. ఐదుగురు నేల మీద కూచుని ఉన్నారు. చేతులు వెనక్కి విరిచి కట్టేసి ఉన్నాయి. ఒకామె ముసలామె. ఒక కుర్రవాడు తిన్నగా కెమెరా వైపే చూస్తున్నాడు. ఫోన్‌లో అంత చిన్నగా ఉంటే ఎవరికి కనిపిస్తారు? సుచిత్రకు కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

అంతయ్య నావైపు చూసి, వీళ్లను ఏం చేద్దామని మెల్లగా అడిగాడు. తొట్టెల ఫ్లెక్సీ మీద వాళ్లెందుకు, పూలు పెట్టమన్నాను. ఒక గులాబీల గుత్తి, పక్కన రెండు సీతాకోకచిలుకలు పెట్టాడు. ఎవరూ లేనట్టే అయిపోయింది. పైన జై తెలంగాణ, మధ్యలో 'మా ఇంటి మహాలక్ష్మి తొట్టెల వేడుకకు స్వాగతం', కింద కుడివైపు గుండ్రంలో నా ఫోటో, 'మేనమామ నరేష్‌కుమార్, జర్నలిస్ట్' అని, పక్కన ఫోన్ నంబరు. నాన్న ఒక ఫ్లెక్సీ చాలన్నాడు. నేను రెండు వేయించాను. ఒకటి కొత్తపేటలో మా సందు మొదట్లో, ఇంకోటి సాగర్ రింగ్ రోడ్డు మలుపులో. తుర్కయంజాల్ నుంచి మహేందర్ వాళ్లు వచ్చేటప్పుడు దారి తెలియాలి కదా. వాళ్లకు దారి తెలియకపోవడమేమిటి, పెళ్లయి రెండేళ్లయింది. నా ఫోటో ఆ మలుపులో ఉండాలనిపించింది, అంతే.

కార్డు సుచిత్రకు రేపు ఇస్తాను. ఆఫీసుకెళ్లి ఫోటోలన్నీ నా కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టాను. ఈ కార్డులు ఉన్నట్టుండి పాడైపోతుంటాయి. పాప పుట్టిన రోజు ఫోటో, ఒక కాపీ ఉంటే మంచిదే.

సెప్టెంబర్ 18

తొట్టెల బాగా జరిగింది. పాపను తొట్టెల్లో వేసింది నేనే. మహేందర్ తల్లి లచ్చమ్మ అత్త, పాప చెవిలో పేరు మూడుసార్లు చెప్పింది. నాన్న తను నేసే రోజుల్లో దాచిపెట్టుకున్న పోచంపల్లి పట్టు ముక్క ఒకటి తీసి పాప కింద పరిచాడు. నాన్న మగ్గం వదిలి చీరల దుకాణంలో కూచుని ఇరవై ఏళ్లయింది, ఆ ముక్క ఇంట్లో ఉందని మాకే తెలియదు.

వచ్చిన వాళ్లంతా ఫ్లెక్సీ బాగుందన్నారు. మహేందర్ దాని ముందు కాసేపు నిలబడ్డాడు. పూల గుత్తి వైపు చూశాడు. "పూలు మంచిగ పెట్టిపిచ్చినవ్ బావా" అన్నాడు. లోపలికి వెళ్లిపోయాడు. నేను ఏమీ అడగలేదు.

సెప్టెంబర్ 19

ఆఫీసులో ఆ ఫోటో ఇంకోసారి తెరిచి చూశాను. ఊరికే.

సెప్టెంబర్ 22

సాంబమూర్తి గారు జోన్ వాళ్లందరినీ కూచోబెట్టి క్లాసు తీసుకున్నారు. "ధర్నా వార్తలు నేను ఇక్కణ్నుంచే రాయగలనయ్యా, మీరెందుకు?" అన్నారు. గుంటూరు మనిషి, మాటలో కారం ఉంటుంది గాని మనిషి చెడ్డవాడు కాదు. అవతలి పేపర్ మట్టయ్య మొన్న ఎల్బీ నగర్ చౌరస్తాలో లాఠీచార్జి ఫోటో కొట్టాడు, మొదటి పేజీలో వచ్చింది. అప్పటి నుంచి ఆయన మట్టయ్య జపం చేస్తున్నారు.

మీటింగ్ అయ్యాక ఆయన గదిలోకి వెళ్లి, జవాను మా బావేనని చెప్పి ఫోటో చూపించాను. చూపించడానికే చూపించాను. ఒక సీనియర్‌గా ఏమంటారో తెలుసుకుందామని.

ఆయన కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, ఆ కెమెరా వైపు చూస్తున్న కుర్రవాణ్ని చూశారు. వీళ్లిప్పుడు ఎక్కడున్నారని అడిగారు. నాకు తెలియదన్నాను. ఎవరికైనా తెలుసా అన్నారు. ఆ ప్రశ్న నాకు అంతవరకు తట్టలేదు. మంచి వార్త అన్నది మాత్రం మొదటి రోజే తట్టింది.

సెప్టెంబర్ 26

మహేందర్‌ను బండి మీద సికింద్రాబాద్ స్టేషన్‌లో దింపాను. ఆర్టీసీ వాళ్లూ సమ్మెలోకి దిగారు, రోడ్డంతా ఖాళీ. దారిపొడవునా అడగొచ్చు. 'ఆ ఫోటోలో వెనక ఉన్నవాళ్లెవరు బావా, మా పేపర్లో వేస్తే నీకేమవుతుంది' అని రెండు మాటలు. మలక్‌పేట దాటాక అడుగుదామనుకున్నాను. చాదర్‌ఘాట్ వంతెన దాటాక అడుగుదామనుకున్నాను.

అతనే మాట్లాడాడు. ఇంకో నాలుగేళ్లు సర్వీసు చేసి వచ్చేస్తాడట. పాప బడికి పోయే వేళకు బడంగ్‌పేట్‌లో ఒక చిన్న ఇల్లు చూసుకుంటాడట. అక్కడేమవుతుందో ఇంట్లో చెప్పుకునేది కాదన్నాడు. అడవిలో ఉన్నన్నాళ్లూ నిద్రలో కూడా బూట్లు విప్పడట.

ప్లాట్‌ఫాం మీద నా భుజం పట్టుకుని, "నీ చెల్లెను, బిడ్డను నీ మీద పెట్టి పోతున్న బావా, జర చూసుకో" అన్నాడు. నేను అడగలేదు. స్టేషన్‌లో రద్దీగా ఉంది, ఇలాంటివి నిలబడి మాట్లాడేవి కావు.

సెప్టెంబర్ 28

ఇచ్చేశాను.

సాంబమూర్తి గారు మొహం చెరిపేద్దామన్నారు. బ్యాడ్జీ, నంబరు, భుజం మీది గుర్తు అన్నీ చెరిపేద్దామన్నారు. నా పేరు కూడా వెయ్యరు, ప్రత్యేక ప్రతినిధి అని వేస్తారు. అంతా అయ్యాక, "మీ బావని అడిగావా?" అన్నారు.

అడిగాను సార్, ఒప్పుకున్నాడు అన్నాను.

"అయితే ఇంక నీ సోర్సుని కాపాడే బాధ్యత మన పేపర్ది. ప్రాణం పోయినా పేరు బయటికి రాకూడదు" అన్నారాయన. ఆ మాట ఆయన నిజంగానే అన్నారు. ఎమర్జెన్సీ రోజుల్లో సోర్సు పేరు చెప్పనందుకు ఇరవై రోజులు లోపల ఉన్న మనిషి.

వార్త నేనే రాశాను. రాయడానికి కష్టపడలేదు. కట్టేసిన చేతులు, ముసలామె, వాళ్ల ముందు నవ్వుతున్న జవాను. ఆ నవ్వు ఎందుకో రాద్దామా అని ఒక్క క్షణం ఆగాను. పాప పుట్టిందని అప్పుడే తెలిసిందని. అది రాస్తే ఎవరో తెలిసిపోతుంది కదా అనుకున్నాను. ఈ డైరీ ఎవరూ చదవరు గనక ఇక్కడ నిజం రాస్తాను. అది రాస్తే వార్తలో పస తగ్గిపోతుందనుకున్నాను.

సెప్టెంబర్ 30

మొదటి పేజీ, అన్ని ఎడిషన్లు. 'ఈ నవ్వు వెనక...' అని డెస్కు వాళ్లు హెడ్డింగ్ పెట్టారు. పొద్దున కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర టీ కొట్టులో నలుగురు చదువుతుంటే పక్కనే నిలబడి టీ తాగాను. మొన్న మన పిల్లల్ని కొట్టడానికి దించింది కూడా ఇటువంటి వాళ్లనే అని ఒకాయన అన్నాడు. వీడి నవ్వు పాడుగాను అని ఇంకొకాయన అన్నాడు. పేపర్లో మొహం లేదు, పళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. డెస్కు వాళ్లు కళ్లు చెరిపి నోరు వదిలేశారు.

రెండో టీ తాగలేకపోయాను. అయినా ఆఫీసులో అందరూ చేతులు కలుపుతుంటే కలిపాను. సంతోషంగా కూడా ఉంది, ఆ సంగతి దాచడమెందుకు.

ఇంట్లో ఎవరూ పోల్చుకోలేదు. అమ్మకు చదువు రాదు, నాన్న వేరే పేపర్ తెప్పిస్తాడు. సుచిత్ర పాపకు స్నానం చేయిస్తోంది.

అక్టోబర్ 3

మట్టయ్య.

రోజూ సాగర్ రింగ్ రోడ్డు మీదుగానే వస్తాడు, పోతాడు. మా పేపర్ చూసి, ఆ తలగుడ్డ చుట్టు, ఆ చెట్టు కొమ్మ, ఆ నిలబడ్డ తీరు ఎక్కడో చూశాననుకుని ఉంటాడు. మలుపులో బండి ఆపి ఉంటాడు. ఇవాళ వాళ్ల పేపర్లో రెండు ఫోటోలు పక్కపక్కనే వేశారు. ఒకదాంట్లో కట్టేసిన మనుషులు, మొహం లేని జవాను. ఇంకోదాంట్లో గులాబీలు, సీతాకోకచిలుకలు, మొహం ఉన్న జవాను. కింద గుండ్రంలో నేను, నా పేరు, నా వృత్తి, నా ఫోన్ నంబరు.

మొహం చెరిపించాను, నంబరు చెరిపించాను, భుజం గుర్తు చెరిపించాను. అదే ఫోటోను అన్ని గుర్తులతో నాలుగు రోడ్ల కూడలిలో నేనే కట్టించానన్నది గుర్తు రాలేదు. ఎవరి మీదా తోయడానికి లేదు. ఆ రెండోది నా మొహం కోసం కట్టించిందే.

నాన్న నిచ్చెన వేసుకుని సందు మొదట్లోది పీకేశాడు.  మలుపులోది నేను వెళ్లేసరికే ఎవరో చింపుకుపోయారు. ఫోన్ పొద్దుట్నుంచి మోగుతూనే ఉంది, తీయలేదు.

అక్టోబర్ 4

మహేందర్ ఫోన్. ఎవరి ఫోన్‌లోంచో చేశాడు, అతనిది తీసేసుకున్నారట. డ్యూటీలోంచి తప్పించి విడిగా కూచోబెట్టారట. గొంతులో కోపం లేదు, అది ఉంటే బాగుండేది.

"గా ఫ్లెక్సీ దుకాణపోడు ఇచ్చిండా బావా మీ పేపర్ల? ఆయన కంప్యూటర్ల ఉండిపోయినట్టుంది గదా ఫోటో" అన్నాడు.

నేను కనుక్కుంటానన్నాను. కనుక్కుంటానంటే అవునని కాదు. కాదని కూడా కాదు. అతను సుచిత్రకు ఫోన్ ఇమ్మన్నాడు, ఇచ్చి బయటికి వచ్చేశాను.

అక్టోబర్ 5

సందులో ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. సుచిత్ర పోలేదు. నేను అన్నం తింటుంటే గిన్నె పక్కన పెట్టి, "అన్నా, కార్డు నువ్వు తెల్లారి ఇచ్చినవ్ గదా" అంది. దుకాణంలో రద్దీగా ఉండి ఆలస్యమైందన్నాను. అవునా అని లోపలికి వెళ్లిపోయింది.

అక్టోబర్ 6

దసరా. జమ్మి చేతిలో పెట్టి కౌగిలించుకోవడానికి సందంతా నా దగ్గరికే వచ్చినట్టుంది. బలగాల బండారం బయటపెట్టినవు కొడుకా, పులివి అని ముసలాయన ఒకడు నా తల నిమిరాడు. మహేందర్ గురించి వాళ్లకు వేరే కథ తయారైంది. బావే గుండె మండి ఫోటో ఇచ్చాడట, బావమరిది ధైర్యంగా వేశాడట. ఇద్దరూ తెలంగాణ బిడ్డలే అట. కథ బాగుంది. నేను చెప్పలేదు, కాదనీ అనలేదు.

జమ్మి ఆకులు అమ్మ చేతిలో పెట్టి కాళ్లు మొక్కాను. ఆమె దీవించింది గాని ఎప్పటిలా తల మీద చెయ్యి ఉంచలేదు.

అక్టోబర్ 8

పోలీస్ స్టేషన్‌కు పిలిచారు. అధికార రహస్యాల చట్టం కింద కేసు పెడతారట. ఇన్‌స్పెక్టర్ మర్యాదగానే అడిగాడు. ఫోటో మహేందర్ నీకు పత్రికలో వెయ్యమని ఇచ్చాడా, లేక నువ్వే తీసుకున్నావా? అంతే ప్రశ్న. అతను ఇచ్చి ఉంటే అతని ఉద్యోగం పోతుంది, జైలు కూడా పడొచ్చు. అతనికి తెలియకుండా తీసి ఉంటే, ఫోన్‌లో ఫోటో ఉంచుకున్నందుకు మందలించి వదిలేస్తారు, కేసు నా మీదికి వస్తుంది అన్నాడు.

ఇంత తేటగా ఎవరూ ఎవరికీ చెప్పరు. గదిలో సాంబమూర్తి గారు, యూనియన్ వాళ్లు నా పక్కన నిలబడి ఉన్నారు. నేనే తీశానంటే ముందు సాంబమూర్తి గారికి చెప్పిన అబద్ధం బయటపడుతుంది.

"జర్నలిస్టు సోర్సు చెప్పడు సార్" అన్నాను.

సాంబమూర్తి గారు నా వీపు మీద చెయ్యి వేశారు.  ముప్పై ఐదేళ్ల కింద ఆయన అన్న మాట అది. ఆయన నోట్లో అది ఏమిటో, నా నోట్లో అది ఏమిటో నాకు తెలుసు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చచ్చిపోలేదు, బయటికొచ్చి కెమెరాల ముందు అదే మాట మళ్లీ అన్నాను.

అక్టోబర్ 10

ఎల్బీ నగర్ చౌరస్తాలో నా కోసం ధర్నా. పత్రికా స్వేచ్ఛ వర్ధిల్లాలి. టెంటు, మైకు, దండ. మట్టయ్య కూడా వచ్చి నా పక్కనే కూచున్నాడు, వృత్తిలో పోటీ వేరు, ఇది వేరు అన్నాడు. నన్ను మాట్లాడమన్నారు. ప్రాణం పోయినా నోరు విప్పనన్నాను. చప్పట్లు చాలాసేపు కొట్టారు. దండ తీసి బండి డిక్కీలో పెట్టాను, ఇంట్లోకి తేలేదు.

అక్టోబర్ 11

ఒక హక్కుల సంఘం వకీలు ఫోన్ చేశాడు. కెమెరా వైపు చూసిన కుర్రవాడి తల్లి ఆ ఫోటో పోల్చుకుందట. కొడుకు చనిపోయాడని దినాలు కూడా చేసిందట. ఇప్పుడు కోర్టులో ఫోటో పెడితే, ఐదుగురూ జైల్లో ప్రాణాలతో ఉన్నారని ప్రభుత్వం తరఫు వాళ్లు ఒప్పుకున్నారట. ఆ తల్లి నాకు దండం చెప్పమందట.

ఈ ఒక్కటీ నా వైపు ఉంది అనుకున్నాను. కాసేపు తేలికగా ఉంది. ఫోటో బయటికి రావాల్సిందే, అందులో అనుమానం లేదు. కాని మహేందర్‌ను అడిగి వేసినా ఆ తల్లి కొడుకును పోల్చుకునేదే. అతను వద్దని ఉంటే అప్పుడు పోట్లాడేవాణ్ని, అది వేరే సంగతి. అతనికి వద్దనే అవకాశం నేను ఇవ్వలేదు. సికింద్రాబాద్ స్టేషన్ దారిలో వంతెన కూడా ఇచ్చింది, మలక్‌పేట కూడా ఇచ్చింది, నేనే ఇవ్వలేదు.

అక్టోబర్ 13

అంతయ్య దుకాణానికి పోలీసులు వచ్చి కంప్యూటర్ ఎత్తుకుపోయారు. షట్టర్ దించి ఉంది. ఆయన మెట్ల మీద కూచుని ఉన్నాడు. నేను బండి ఆపకుండా పోయాను.

రేపు చెప్పేస్తాను.

అక్టోబర్ 14

రేపు.

అక్టోబర్ 17

ఇవాళ నిజంగానే సాంబమూర్తి గారి గది దాకా వెళ్లాను. ఆయన నన్ను చూడగానే లేచి, మెయిన్ ఎడిషన్‌కు నిన్ను తీసుకుంటున్నారయ్యా అని చెప్పారు. థాంక్స్ సార్ అని వచ్చేశాను.

అక్టోబర్ 21

మహేందర్ ఫోన్. నేను హలో అనగానే, "నువ్వు ఫికర్ జెయ్యకు బావా, అయిపోయింది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మా సార్లు చెప్పిన్రు. నీ బావ నోరు తెరుస్తలేడు, ఇంక ఆయన్ను, ఆ ఫ్లెక్సీ ముసలాయన్ను లోపలేస్తం అన్నరు. నువ్వు గా పెయింటర్‌ను పట్టియ్యొద్దని ఊకున్నవ్, నాకు సమజైంది. నా వల్ల మీరిద్దరెందుకు లోపలికి వోవాలె? నేనే ఇచ్చిన, పేపర్ల వెయ్యమని నేనే జెప్పిన అని రాసిచ్చిన. సంతకం వెట్టిన."

ఎందుకు పెట్టినవ్ అని అరిచాను. అతను నెమ్మదిగా నవ్వాడు. నువ్వు నిలబడంగా లేంది నేను నిలబడనా అన్నాడు. లైను తెగిపోయింది.

అప్పుడే చెప్పాల్సింది. లైను తెగక ముందు రెండు క్షణాలు ఉన్నాయి.

అక్టోబర్ 22

స్టేషన్‌కు వెళ్లాను. ఒక్కణ్నే వెళ్లాను. కార్డు నాకు ఫ్లెక్సీ కోసం మాత్రమే ఇచ్చారని, నేనే రహస్యంగా కాపీ చేసుకున్నానని, మహేందర్‌కు తెలియదని, మా ఆఫీసులో కూడా అబద్ధం చెప్పానని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. రాసేటప్పుడు చేతికి కొంచెం బలం వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ చదివి, కుర్చీలో వెనక్కి వాలాడు. జాలిగా చూశాడు.

"చౌరస్తాల మైకు పెట్టి చెప్పనంటివి. గిప్పుడు ఆయన సంతకం పెట్టినంక దొంగను నేనే అంటున్నవ్. ఎవరు నమ్ముతరయ్యా? మీ చెల్లె ఏడిసిందా?" అన్నాడు.

నిజం సార్ అన్నాను. అందరూ బావ కోసం ఇట్లనే అంటరు అన్నాడు. కాగితం తీసుకుని పైకి పంపిస్తానన్నాడు. నా మీద కేసు మాత్రం ఉండదట, మహేందర్ రాసిచ్చినందువల్ల. అంతయ్య కంప్యూటర్ కూడా ఇచ్చేస్తారట.

అక్కణ్నుంచి సాంబమూర్తి గారి ఇంటికి పోయి ఆయనకు చెప్పాను. ఆయన నమ్మారు. నమ్మిన వాడు ఆయన ఒక్కడే. తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నారు, లోపలికి రమ్మనలేదు. "ఆ మాట నువ్వు వాడుకోకుండా ఉండాల్సిందయ్యా" అని మాత్రం అన్నారు.

అక్టోబర్ 24

సమ్మె ముగిసింది. బస్సులు తిరుగుతున్నాయి. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. నాన్న దుకాణంలో కూచుంటున్నాను. చీర మడత పెట్టడం ఇంకా సరిగ్గా రాలేదు.

నవంబర్ 19

మహేందర్ ఇవాళ పొద్దున వచ్చాడు. పెట్టె, పరుపు చుట్ట, అంతే. ఉద్యోగం తీసేశారు. జైలు తప్పింది, అదే గొప్ప అన్నాడు. బాగా చిక్కాడు. పాప కొత్త అనుకుని ఏడ్చింది, తర్వాత అతని వేలు పట్టుకుని ఊరుకుంది.

అన్నానికి కూచున్నాం. అమ్మ ఎదురుగా, నాన్న పక్కన. మహేందర్ ముద్ద కలుపుతూ ఆగి, నావైపు తిరిగాడు.

"నువ్వు ఠాణాల రాసిచ్చిన కాయితం మా సార్ నాకు సదివి ఇనిపిచ్చిండు బావా. నా కండ్లల్ల నీళ్లొచ్చినయి. నా కోసం దొంగ అనిపిచ్చుకున్నవ్. ఉద్యోగం గూడ ఇడిసిపెట్టినవంట."

"అది నిజం మహేందర్. నీకు తెలువకుండ నేనే తీసిన. నిన్ను అడగలె" అన్నాను. అందరి ముందే అన్నాను. అమ్మ ముందు, నాన్న ముందు.

మహేందర్ నవ్వాడు, ఎడమ చేత్తో నా భుజం తట్టాడు. "ఊకో బావా, ఇగ ఎన్ని దినాలు మోస్తవ్ ఆ మాట. నా బిడ్డ తొట్టెలకిచ్చిన కార్డు మీద నువ్వు చెయ్యేస్తవా? నాకెరుక లేదా నువ్వెట్లాంటోడివో" అన్నాడు. నాన్న తల వంచుకుని తింటున్నాడు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది, ఎందుకో తెలియదు.

నీళ్ల కోసమన్నట్టు లేచి వంటింట్లోకి వెళ్లాను. సుచిత్ర చారు వేడి చేస్తోంది. నువ్వన్నా చెప్పమ్మా అన్నాను. నీ చేత్తోనే కార్డిచ్చావు, ఏ రోజు తిరిగి ఇచ్చానో నీకు తెలుసు, నువ్వు చెబితే నమ్ముతాడు అన్నాను. బతిమాలినట్టే అడిగాను.

ఆమె పొయ్యి ఆపింది. కోపం కూడా లేదు మొహంలో.

"దసరా నాడు నువ్వే జెప్తవని సూసిన అన్నా. సంతకం వెట్టేదాంక సూసిన. నా అన్నను నేనెట్ల పట్టియ్యాలె అని ఊకున్న, అది నా తప్పు. ఇప్పుడు ఏం జెప్పమంటవ్? ఉద్యోగం పాయె. పది మంది ముంగట మొఖం పాయె. నా కోసం మా బావ నిలబడ్డడు అనేదొక్కటే మిగిలింది ఆయనకు. గది గూడ నువ్వే తీసుకుంటవా?"

ముందు గదిలోంచి మహేందర్ పిలుస్తున్నాడు, అన్నం చల్లారిపోతోంది రా బావా అని. వెళ్లి అతని పక్కన కూచుని తిన్నాను.